పేగుల్ని బాగుచేస్తే ఆయన మతి నిలుస్తుందా?

కల్వకుర్తి ప్రాంతం నుంచి ఒక సోదరి ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ బయటపెట్టవద్దని కోరారు కనుక అవి వదిలి, విషయం మాత్రం క్లుప్తంగా చెబుతాను. ఆమెకు 46 ఏళ్లు, భర్తకు 54. మూడెకరాల చెలక, ఇంటి ముందుగదిలో కిరాణా దుకాణం వారికి ఆధారం. ఆయనకు చాలా ఏళ్లు తాగుడు అలవాటు ఉండేది. షుగర్ కూడా ఉంది. మూడేళ్ల కింద పొట్టలో నీరు చేరి ఆస్పత్రికి వెళ్తే లివర్ సిర్రోసిస్ అని తేలింది. ఆనాటి నుంచి బ్రాందీ ముట్టలేదు గానీ, "కల్లు చలువ చేస్తది, అది తాగుడెట్లయితది" అంటూ వారానికి ఒకటి రెండుసార్లు కల్లు దుకాణానికి వెళ్తున్నారు.

గడిచిన ఏడాదిలో ఆయన రెండుసార్లు మతి తప్పి హైదరాబాద్‌లో ఆస్పత్రిలో చేరారు. మొదటిసారి రాత్రి మూడు గంటలకు లేచి, చొక్కా తిరగేసి తొడుక్కొని, దుకాణం షట్టర్ ఎత్తి గిరాకీ కోసం కూర్చున్నారు. రెండోసారి గల్లాపెట్టెలో డబ్బు దొంగిలించావంటూ భార్య మీద చెయ్యెత్తారు. మర్నాడు మధ్యాహ్నానికి లేపినా లేవలేదు. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు డాక్టర్లు లాక్టులోజ్ సిరప్ రోజుకు మూడుసార్లు, రిఫాక్సిమిన్ మాత్ర రెండుసార్లు రాశారు. నెలకు రెండున్నర వేలు అవుతున్నాయని మాత్రలు రెండు నెలలకే ఆపేశారు. సిరప్‌ను ఆయన భార్య ఎదుట మూతలో పోసుకొని, ఆమె అటు తిరగగానే గోలెం పక్కన పారబోస్తున్నారు. "నాలుగైదుసార్లు దొడ్డికి ఉరుకుడైతుంది, దుకాణంల గిరాకి నిలబడే ఉంటది, ఊర్ల మొకం ఎట్ల చూపియ్యాలె" అన్నది ఆయన బాధ. పొద్దున పరగడుపున గ్యాస్ గోలీ, రాత్రి నిద్ర పట్టడం లేదంటే ఊళ్లోని ఆర్‌ఎంపీ ఇచ్చిన నిద్రమాత్ర మాత్రం తప్పకుండా నడుస్తున్నాయి.

పప్పు, గుడ్డు పెడితే ఒంట్లో విషం పెరుగుతుందని అత్తగారు వాటిని ఆపించి, అన్నం చారుతోనే నెట్టుకొస్తున్నారు. ఎవరో మందు పెట్టారన్న అనుమానం కూడా ఆమెకు ఉంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకు, ఆరోగ్యవంతుల మలంలోని మంచి బ్యాక్టీరియాను రోగి పేగుల్లోకి ఎక్కించే చికిత్స ఉందని ఫోన్‌లో చదివి, ఒక ప్రైవేటు ఆస్పత్రితో మాట్లాడి, అందుకోసం ఎకరం అమ్ముదామంటున్నాడు. అమ్మాలా వద్దా, పప్పు పెట్టాలా వద్దా అని అడిగిన ఆ సోదరి, చివరి పేజీ అంచున సన్నని అక్షరాలతో ఇంకో ప్రశ్న రాశారు: "ఆ రాత్రి లేచిన చెయ్యి మా ఆయనదా, జబ్బుదా?"

అమ్మా,

మీరు అంచున రాసిన ప్రశ్నతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఆరు పేజీల్లోని అలసట అంతా అక్కడే ఉన్నట్టు నాకు అనిపించింది.

మీవారికి వచ్చిన దాన్ని డాక్టర్లు హెపాటిక్ ఎన్‌కెఫలోపతి అంటారు. కాలేయం చెడినందువల్ల మెదడు మందగించడం అని దాని అర్థం. మనం తిన్న ఆహారంలోని మాంసకృత్తుల నుంచి పేగుల్లో కాపురముండే బ్యాక్టీరియా అమ్మోనియా తయారుచేస్తుంది, పేగు గోడలోని కణాలు కూడా కొంత తయారుచేస్తాయి. పేగుల నుంచి దాన్ని మోసుకొచ్చే రక్తం మొదట కాలేయానికి చేరుతుంది, కాలేయం ఆ అమ్మోనియాను యూరియాగా మార్చి మూత్రంలో పోయేలా చేస్తుంది. సిర్రోసిస్‌లో కాలేయం గట్టిపడి ఆ పని సరిగా చేయలేదు. పైగా దారి బిగుసుకుపోయిన రక్తం పక్కదారులు చేసుకొని, కాలేయాన్ని తాకకుండానే ఒంట్లోకీ మెదడుకూ వెళ్లిపోతుంది. మెదడులో ఆస్ట్రోసైట్లు అనే కణాలు ఆ అమ్మోనియాను గ్లుటమైన్‌గా మార్చుకొని, నీరు పట్టి ఉబ్బుతాయి. పగలు నిద్ర, రాత్రి మెలకువ, లెక్క తప్పడం, లేనిపోని అనుమానం, చేతులు చాచమంటే అరచేతులు రెక్కల్లా కొట్టుకోవడం, చివరికి లేపినా లేవని మగత, ఇవన్నీ ఈ ఒక్క దారిలో వచ్చేవే.

అందువల్ల ఆ రాత్రి ఆయన వేసిన నింద, ఎత్తిన చెయ్యి ఆయన తెలిసి చేసినవి కావని నేను నమ్ముతున్నాను. మర్నాటికే లేవలేని స్థితిలోకి జారిపోవడం అందుకు సాక్ష్యం. అయితే జబ్బు ఎత్తిన చెయ్యి అయినా దెబ్బ తగిలేది మీకే కదా. అలాంటి రాత్రి మళ్లీ వస్తే వాదించకండి, నిజం నిరూపించాలని చూడకండి. దీపం వేసి, పక్కింటివారిని పిలిచి, నిద్రమత్తు మనిషితో మాట్లాడినట్టు చిన్న చిన్న మాటలతో కూర్చోబెట్టి ఆస్పత్రికి కదలండి. మతి నిలకడగా ఉన్న రోజుల్లో కూడా ఆయన చెయ్యెత్తుతున్నారంటే మాత్రం అది వేరే సంగతి, దానికి జబ్బు సాకు కాదు. మీ ఉత్తరంలో ఆ మాట లేదు గానీ, ఉంటే 181 మహిళా హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయడానికి వెనుకాడవద్దు.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపిన సంగతి ఉద్దెర పుస్తకం. రెండోసారి మతి తప్పడానికి నాలుగు రోజుల ముందు నుంచే ఆయన రాసిన అంకెలు గీత దాటి కిందికి జారాయని, 420 అని పైకి చెబుతూ 240 అని రాశారని, ఆ పేజీ ఇప్పటికీ చూస్తూ ఉంటానని రాశారు. మీరు తెలియకుండానే మంచి పరీక్ష చేశారమ్మా. ఈ జబ్బులో చేతిరాత చెడడం, అంకెలు తారుమారు కావడం పాత కాలం నుంచి డాక్టర్లు గమనిస్తున్నదే. నక్షత్రం గీయమనడం, తేదీ రాసి సంతకం పెట్టమనడం మేము ఓపీలో చేయించే పనులే. కనుక రోజూ దుకాణం కట్టే వేళకు ఆ పుస్తకంలో ఒక మూలన ఆయనతో తేదీ వేయించి సంతకం పెట్టించండి. ఒక నిమిషంలో ఎన్ని జంతువుల పేర్లు చెప్పగలరో అడగడం కూడా ఒక పద్ధతి: ఎద్దు, బర్రె, మేక, గొర్రె, కోతి, ఎలుగుబంటి అంటూ పోవాలి. నిమిషానికి పది పేర్లు కూడా రాకపోతే అనుమానించాలని పరిశోధకులు చెబుతారు; వయసును, చదువును బట్టి ఆ లెక్క కొంత మారుతుంది. అది నిర్ధారణ కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లమనే సైగ. ఆయన మామూలుగా ఉన్న వారంలో ఎన్ని చెబుతారో రాసిపెట్టుకుంటే తర్వాత తగ్గుదల మీకే తెలుస్తుంది. రక్తంలో అమ్మోనియా పరీక్షను మాటిమాటికీ చేయించడం కంటే ఇది నయం. నమూనాను మంచులో ఉంచి వెంటనే పరీక్షించకపోతే ఆ అంకె తప్పుతుంది, అంకె ఎక్కువ తక్కువలను బట్టి మతి ఎంత తప్పిందో చెప్పలేం కూడా.

ఇక అసలు చిక్కుకు వద్దాం. మీ అబ్బాయి పేగుల్లోని బ్యాక్టీరియాను మార్చే వైద్యం ఎక్కడో పెద్ద ఆస్పత్రిలో ఉందని, దానికోసం ఎకరం కావాలని అనుకుంటున్నాడు. ఆ వైద్యం మీ ఇంట్లోనే ఉంది. గోలెం పక్కన నేలలో ఇంకిపోతున్నది అదే.

లాక్టులోజ్‌ను అందరూ విరేచనాల మందు అనుకుంటారు, మీవారి సిగ్గుకు కూడా అదే కారణం. దాని పని అంతకంటే పెద్దది. అది మన పేగుల్లో అరగని ఒక చక్కెర; అరగకుండా పెద్దపేగు దాకా వెళ్తే అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి ఆమ్లాలు తయారుచేస్తుంది. ఆ పులుపులో అమ్మోనియా రక్తంలోకి ఇంకలేని రూపంలోకి మారి, మలంలోనే ఉండిపోయి బయటికి పోతుంది. పాలు తోడుకున్నప్పుడు ఏం జరుగుతుందో మీకు చెప్పనక్కర్లేదు. పులుపు పెరిగిన చోట ఏ సూక్ష్మజీవి నిలుస్తుంది, ఏది నిలవదు అన్నదే ఇక్కడా కీలకం. 1966లో దీన్ని ఈ జబ్బుకు మొదట వాడినప్పటి ఆలోచన కూడా పేగుల్లో మేలు చేసే బ్యాక్టీరియాను పెంచాలన్నదే. ఒకసారి మతి తప్పి కోలుకున్నవారి మీద ఢిల్లీ వైద్యులు చేసి 2009లో ప్రచురించిన పరీక్షలో, సిరప్ మానకుండా తాగినవారిలో నూటికి 20 మందికి మాత్రమే జబ్బు తిరగబెట్టింది. తాగనివారిలో 47 మందికి తిరగబెట్టింది.

ఆయన సిగ్గు చిన్న విషయం కాదు. పదిమంది వచ్చిపోయే దుకాణంలో కూర్చునే మనిషికి మాటిమాటికీ లేచి వెళ్లడం ఎంత అవమానంగా ఉంటుందో అర్థం చేసుకోవాలి. తాగు తాగు అని ఒత్తిడి చేస్తే పారబోయడమే జరుగుతుంది. కావలసింది రోజుకు రెండు లేదా మూడుసార్లు మెత్తని విరేచనం, అంతే. నాలుగైదుసార్లు నీళ్లలా అవుతోందంటే ఆయనకు మోతాదు ఎక్కువైందని అర్థం, అది కూడా ప్రమాదమే, ఎందుకంటే ఒంట్లో నీరూ ఉప్పులూ పోయి అదే కారణంగా మతి తప్పవచ్చు. కనుక ఆయన ఫిర్యాదు న్యాయమైనదేనని ముందు ఒప్పుకోండి. డాక్టరుతో మాట్లాడి, మూడు మోతాదులను దుకాణం వేళలకు తగ్గట్టు జరపండి. తెల్లవారుజామున లేవగానే ఒకటి, దుకాణం కట్టేసే మధ్యాహ్నం వేళ ఒకటి, రాత్రి అన్నం ముందు ఒకటి అయితే గిరాకీ వేళ కొంత తెరిపి దొరకవచ్చు. తాగిన ఎన్ని గంటలకు కదులుతుందో మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది. పది రోజులు గమనిస్తే ఆయన శరీరం పద్ధతి ఆయనకే తెలుస్తుంది. రెండుసార్ల కంటే తక్కువైతే కొంచెం పెంచడం, నాలుగు దాటితే కొంచెం తగ్గించడం, పూర్తిగా మాత్రం ఎన్నడూ ఆపకపోవడం అన్న మూడు సంగతులను ఎన్ని మిల్లీలీటర్లతో సహా డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. తీపి వెగటు పుడితే నీళ్లలోనో పల్చని మజ్జిగలోనో కలిపి ఇవ్వవచ్చు. కడుపుబ్బరం మొదటి వారాల్లో ఎక్కువగా ఉండి, తర్వాత చాలామందిలో తగ్గుతుంది. అన్నీ చేసినా ఆయనకు పడకపోతే వేరే మందులు ఉన్నాయి. పారబోస్తున్నామన్న నిజం డాక్టరుకు చెబితేనే అవి రాస్తారు. చెప్పకపోతే, సిరప్ తాగుతున్నా మతి తప్పుతోందని పొరబడి అనవసరమైన దారి పట్టే ప్రమాదం ఉంది.

రిఫాక్సిమిన్ సంగతి. ఇది పేగుల్లోనే ఉండి పనిచేసే యాంటీబయాటిక్, రక్తంలోకి చాలా కొద్దిగా మాత్రమే ఇంకుతుంది, అందుకే నెలల తరబడి వాడగలుగుతున్నాం. 2010లో ప్రచురితమైన పరీక్షలో 299 మందిని ఆరు నెలలు గమనిస్తే, ఈ మాత్ర వేసుకున్నవారిలో నూటికి 22 మందికి, వేసుకోనివారిలో 46 మందికి మతి మళ్లీ తప్పింది. వారిలో తొంభై శాతానికి పైగా లాక్టులోజ్ కూడా తాగుతున్నవారే అన్నది గుర్తుంచుకోవాలి. అంటే ఇది సిరప్‌కు తోడు మందు, బదులు మందు కాదు. ఏడాదిలో రెండుసార్లు ఆస్పత్రిలో చేరిన మనిషికి దీన్ని తిరిగి మొదలుపెట్టే విషయం ఈ వారమే అడగాలి. నెలకు రెండున్నర వేలంటే ఏడాదికి 30,000. ఇదే మందు వేర్వేరు కంపెనీల పేర్లతో వేర్వేరు ధరలకు దొరుకుతుంది కనుక తక్కువ ధరది రాయమని డాక్టరును అడగడానికి మొహమాటపడకండి.

పప్పు విషయంలో అత్తగారిని తప్పుపట్టవద్దు. ఒకప్పుడు డాక్టర్లే ఆ మాట చెప్పారు. 1893లో రష్యాలో పావ్‌లోవ్, ఆయన తోటి శాస్త్రవేత్తలు కుక్కల్లో పేగుల రక్తాన్ని కాలేయానికి వెళ్లకుండా మళ్లించి మాంసం పెడితే అవి తూలి, మతి తప్పి పడిపోయాయి. అక్కడ మొదలైన భయం దశాబ్దాల తరబడి రోగుల కంచాల్లో పప్పు లేకుండా చేసింది. తర్వాత, 2004లో ప్రచురితమైన ఒక పరీక్షలో, ఈ జబ్బుతో ఆస్పత్రిలో చేరినవారికి మామూలుగా మాంసకృత్తులు పెట్టినా మతికి నష్టం జరగలేదని, తగ్గించినవారిలో ఒంట్లోని కండ కరగడం ఎక్కువైందని తేలింది. కండ ఎందుకు ముఖ్యమంటే, కాలేయం చేతులెత్తేసినప్పుడు అమ్మోనియాను పట్టుకొని హరించే రెండో చోటు కండరాలే. అన్నం చారుతో కండ కరిగిపోతే ఆ దారి కూడా మూసుకుపోతుంది.

ఇప్పుడు ప్రపంచమంతటా చెబుతున్న లెక్క ఒక కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు. పొట్టలో నీటి బరువు తీసేసి మీవారు 60 కిలోలు ఉంటారనుకుంటే రోజుకు 72 నుంచి 90 గ్రాములు కావాలి. జొన్నరొట్టె, పప్పు, పెరుగు, పాలు, గుడ్డు, ఉడకబెట్టిన శనగలు, గుప్పెడు పల్లీలు, మీల్‌మేకర్, ఇలా రోజంతా కొంచెం కొంచెంగా పంచితే అది పెద్ద లెక్క కాదు. పప్పు ధాన్యాల, పాల మాంసకృత్తులు ఈ జబ్బులో మాంసం కంటే బాగా సరిపడతాయి. పీచు కూడా తోడై పేగులు కదులుతాయి. రాత్రి ఎక్కువసేపు ఖాళీ కడుపుతో ఉంటే శరీరం తన కండనే కరిగించుకుంటుంది కనుక పడుకునే ముందు ఒక రొట్టె, గ్లాసు పాలు ఇవ్వండి. షుగర్ మాత్రలో ఇన్సులినో దాన్ని బట్టి డాక్టరు సర్దుతారు. పొట్టలో నీరు ఉన్నవారు కనుక ఉప్పు తగ్గాలి, అంటే మామిడికాయ తొక్కు పక్కన పెట్టాల్సిందే. పెరుగును చాలామంది మందుగా అడుగుతారు. పెరుగుతో, ప్రోబయోటిక్ పొడులతో కొన్ని చిన్న పరీక్షల్లో మంచి ఫలితాలే వచ్చాయి, కానీ అవి సిరప్ స్థానంలో నిలబడతాయని చెప్పగలిగేంత బలమైన రుజువు రాలేదు. ఇంట్లో తోడుపెట్టిన పెరుగు ఆహారంగా పెట్టండి, ఖరీదైన పొడులకు ఖర్చు పెట్టేముందు రిఫాక్సిమిన్ కొనండి.

ఇప్పుడు కొంచెం కఠినంగా మాట్లాడాలి. కల్లు. సిర్రోసిస్ ఉన్న మనిషికి చెట్టు నుంచి దించిన కల్లు అయినా సారాయే, అందులోనూ ఆల్కహాల్ ఉంటుంది. కానీ మన పాలమూరులో నా భయం ఇంకొకటి. దుకాణాల్లో అమ్మే కల్లులో అల్ప్రాజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలపడం ఈ ప్రాంతంలో ఎవరికీ తెలియని సంగతి కాదు. 2015లో కల్తీ కల్లును కట్టడి చేసినప్పుడు అలవాటుపడ్డవారు మత్తు అందక వింతగా ప్రవర్తిస్తూ పెద్ద సంఖ్యలో ఆస్పత్రుల పాలయ్యారు. అవే మందులు ఈ జబ్బున్న మెదడును నేరుగా మగతలోకి తోస్తాయి. ఆర్‌ఎంపీ ఇచ్చిన నిద్రమాత్ర కూడా ఆ కుటుంబానిదే కావచ్చు. ఆయనకు రాత్రి నిద్ర పట్టకపోవడం జబ్బు లక్షణమే కనుక, దానికి నిద్రమాత్ర ఇస్తే జబ్బుకు జబ్బునే మందుగా పోసినట్టవుతుంది. కాకపోతే ఒక జాగ్రత్త: ఆయన కల్లు లేదా మాత్ర నిజానికి రోజూ తీసుకుంటూ ఉంటే ఇంట్లో ఒక్కసారిగా ఆపకండి, వణుకు, ఫిట్స్ రావచ్చు, డాక్టరుకు దాచకుండా చెప్పి, వారి పర్యవేక్షణలో ఆపాలి. వారానికి ఒకటి రెండుసార్లేనని ఆయన చెబుతున్న లెక్క నిజమో కాదో కోపం చూపకుండా కనుక్కోవడం ఇక్కడ మీరు చేయగల పెద్ద సాయం.

పరగడుపున వేసే గ్యాస్ గోలీ మన ఊళ్లలో టీ నీళ్లలా అలవాటైపోయింది. పాంటాప్రజోల్ వంటివి కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తే, లోపలికి వెళ్లే బ్యాక్టీరియాకు అడ్డు తగ్గి పేగుల సమతూకం మారుతుంది. సిర్రోసిస్ రోగుల్లో వీటి వాడకానికీ ఇన్‌ఫెక్షన్లకూ మతి తప్పడానికీ సంబంధం పలు అధ్యయనాల్లో కనిపించింది. అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాలకు, రక్తం కారకుండా, బ్యాండు వేశాక కొన్నాళ్లు అవసరమై రాసి ఉండవచ్చు కాబట్టి మీరుగా ఆపకుండా, ఇంకా అవసరమా అని అడగండి. ఒళ్లునొప్పుల గోలీలు మాత్రం డాక్టరు చెప్పనిదే వద్దు.

ఇక ఎకరం సంగతి. మీ అబ్బాయి చదివింది కట్టుకథ కాదు. అమెరికాలోని వర్జీనియాలో వైద్యులు 2017లో ప్రచురించిన చిన్న పరీక్షలో 20 మంది రోగులు ఉన్నారు. సగం మందికి, వారికి కొరవడిన బ్యాక్టీరియా జాతులు మెండుగా ఉన్న ఒక దాత మలాన్ని ఎనిమా ద్వారా ఎక్కించారు. ఐదు నెలల్లో వారిలో ఎవరికీ మతి తప్పలేదు, మిగతా సగంలో ఐదుగురికి తప్పింది. ఆ తర్వాత క్యాప్సూళ్ల రూపంలోనూ, ఇంకా ఎక్కువ మందితోనూ పరీక్షలు జరిగాయి, ఆశ కలిగించేవిగానే ఉన్నాయి. కానీ మూడు సంగతులు అతనికి చెప్పండి. ఆ పరీక్షల్లోని రోగులు లాక్టులోజ్, రిఫాక్సిమిన్ వాడుతూ ఉన్నవారు. మందులు పారబోసినవారికి ఇది పనిచేస్తుందని ఎవరూ చూడలేదు. మొత్తం రోగుల సంఖ్య ఇంకా చిన్నది కనుక ఇది ఈ జబ్బుకు మామూలు చికిత్సగా నిలబడలేదు. ప్రమాదం కూడా ఉంది: 2019లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరిక జారీ చేసింది, ఎందుకంటే సరిగా పరీక్షించని దాత మలం నుంచి మందులకు లొంగని ఇ.కొలై బ్యాక్టీరియా ఇద్దరికి సోకి, ఒకరు చనిపోయారు. బతికిన రెండోవారు ఈ జబ్బుకే పరీక్షలో చేరిన సిర్రోసిస్ రోగి.

కాబట్టి మీ ముందు దారులు ఇలా ఉన్నాయి. ఇప్పుడే ఎకరం అమ్మి ఆ చికిత్స చేయిస్తే, సిరప్, ఆహారం, కల్లు సంగతులు చక్కబడని పేగుల్లో కొత్త బ్యాక్టీరియా ఎంతకాలం నిలుస్తుందో చెప్పలేం, పొలం మాత్రం తిరిగి రాదు. రెండోది, ఆరు నెలలు పద్ధతిగా సిరప్, రిఫాక్సిమిన్, ఆహారం నడిపి, ఉద్దెర పుస్తకంలో సంతకాలు చూసుకుంటూ, అప్పటికీ మతి తప్పుతుంటే ఆ చికిత్స గురించి కాలేయ నిపుణులతో మాట్లాడటం. అప్పటిదాకా ఖర్చు ఎకరంలో చిన్న ముక్క. మూడోది, ఎక్కడైనా పరీక్షగా జరుగుతుంటే అందులో చేరడం. అలాంటి పరీక్ష భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదై ఉండాలి, నైతిక కమిటీ అనుమతి ఉండాలి, పరీక్షించే చికిత్సకు మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఆ ఆస్పత్రి డబ్బు అడుగుతోందంటే, దాతకు ఏయే పరీక్షలు చేస్తారు, మందులకు లొంగని బ్యాక్టీరియా కోసం చూస్తారా, మధ్యలో జ్వరం వస్తే ఎవరు చూస్తారు, ఖర్చు ఎవరిది అని మీ అబ్బాయి రాతపూర్వకంగా అడగాలి. నన్నడిగితే నేను రెండో దారికే మొగ్గుతాను, కానీ పొలం మీది, మనిషి మీవారు, నిర్ణయం మీ ముగ్గురిదీ. మతి నిలకడగా ఉన్న రోజున ఆయనను కూడా కూర్చోబెట్టి మాట్లాడండి.

ఆ ఎకరం డబ్బు నిజంగా అక్కరకు రావలసిన చోటు ఇంకోటి ఉండవచ్చు. ఏడాదిలో రెండుసార్లు ఇలా అయిన సిర్రోసిస్ రోగిని కాలేయ మార్పిడికి తగునా అని ఒకసారి పరీక్షించాలి. తెలంగాణలో అవయవదానం జీవన్‌దాన్ పథకం ద్వారా నడుస్తుంది. ఆరోగ్యశ్రీ కార్డు మీద ఏది ఎంతవరకు వస్తుందో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి. తాగుడు, కల్లుతో సహా, పూర్తిగా మానిన మనిషి పేరునే ముందుకు తీసుకుంటారు కనుక ఆయనకు కల్లు మానడానికి ఇది ఒక గట్టి కారణం కావచ్చు.

బండి విషయం మీరు ఒక్క వాక్యంలో రాశారు, నేనూ ఒక్క మాటలో చెబుతాను: శ్రీశైలం రోడ్డు మీద లారీల మధ్య ఆయన మోటార్ సైకిల్ నడపడం డాక్టరు సరేననే దాకా ఆగాలి, తాళంచెవి మీ దగ్గరే ఉండాలి.

అత్తగారితో పోట్లాట వద్దమ్మా. తాయెత్తు కడతానంటే కట్టనివ్వండి, దిష్టి తీయనివ్వండి, మెడలో ఉన్నది కాలేయానికి హాని చేయదు. కడుపులోకి వెళ్లే పసరు మందు మాత్రం ఒక్క చుక్క కూడా వద్దు, మందు పెట్టారన్న మాట మీద ఆస్పత్రికి వెళ్లడం ఒక్క పూట కూడా ఆలస్యం కావద్దు. రక్తం కక్కినా, మలం తారులా నల్లగా వచ్చినా, జ్వరం, కడుపునొప్పి కనిపించినా, ఒక పూటంతా మలం కదలక మగతగా ఉన్నా 108కి ఫోన్ చేయండి. మగతలో ఉన్న మనిషి నోట్లో సిరప్ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, ఇంట్లో మిషన్ ఉంటే షుగర్ చూడండి, చక్కెర పడిపోయినా ఇలాగే ఉంటుంది.

ఈసారి హైదరాబాద్ వెళ్లేటప్పుడు వేసుకునే మందులన్నీ, ఆర్‌ఎంపీ ఇచ్చినవీ గ్యాస్ గోలీలూ కలిపి, ఒక సంచిలో పట్టుకెళ్లండి. 420ని 240గా రాసిన ఆ పేజీని, ఆ తర్వాత ఆయన పెట్టిన సంతకాలను డాక్టరుకు చూపండి. సిరప్ ఎక్కడ పోతోందో మీరు చెప్పకండి, ఆయన చేతనే చెప్పించండి.